గుంటయ్యగారి పస్తుల పథకం

ఒక పెద్ద అడవిలో గడ్డికి కరువొచ్చింది. అంత పెద్ద అడవిలో గడ్డికి కరువేమిటని అడక్కండి. వానాకాలంలో జంతువులన్నీ తలో మోపు తెచ్చి కొండగుహలో దాచిన గడ్డి అది. ఎండాకాలంలో తల్లులకీ పిల్లలకీ పంచాలి. నక్క ఎటూ గడ్డి తినదు కదా అని మేత అధికారిగా గుంటయ్య అనే నక్కని పెట్టారు.

గుంటయ్య తినని మాట నిజమే. సగం గడ్డి రాజు సింహంగారి గుహలో పరుపులకీ, ఆయన సభలోని సభ్యుల పడకలకీ వెళ్ళిపోయింది. సభ్యులకి ఒళ్ళు నొప్పులొస్తే అడవి ఏమైపోవాలి మరి!

కాటమ్మ అనే అడవి బర్రెకి ఈ సంగతంతా తెలుసు. తెలిసి ఏం చేస్తుంది? కొత్తగా ఈనిన బర్రె. దూడ ఇంకా పాలు మరవలేదు. గుహ దగ్గర ఇచ్చే మోపు గడ్డి తింటేనే దాని పొదుగులో నాలుగు చుక్కలు దిగుతాయి.

ఒకరోజు ఆ మోపు సగమైంది.

"ఇదేంటి గుంటయ్యగారూ, తగ్గించేశారు?"

"తగ్గించడం కాదమ్మా, పథకం. పిల్లల్ని కొన్నాళ్ళు మాడ్చి, తర్వాత కడుపునిండా పెడితే ఒక్కసారిగా ఎదుగుతాయి. తిని పెరిగినవాటిని కూడా అందుకుంటాయి. ఇది శాస్త్రం."

ఈ శాస్త్రం ఆయనకి ఎలా అబ్బిందంటే, కోళ్ళ కోసం ఊళ్ళోకి వెళ్ళి పశువుల డాక్టరు కిటికీ కింద దాక్కున్నాడు. లోపల డాక్టరు రైతులకి ఈ ముక్కే చెబుతున్నాడు. అంతలో కుక్క మొరిగింది, గుంటయ్య లగెత్తాడు. పాలు మరవని పసిదాన్ని మాడిస్తే గిడసబారిపోతుందని, తర్వాత పెట్టడానికి దండిగా మేత ఉంటేనే ఈ పనికి దిగాలని డాక్టరు చెప్పిన మిగతా సగం ఆ కుక్క ఒక్కటే విన్నది. గుంటయ్య తన సగం తెచ్చి సభలో వల్లించాడు.

"మేమూ చిన్నప్పుడు పస్తులున్నవాళ్ళమే. చూడండి ఎలా ఎదిగామో," అన్నాడు సభ్యుడు గాడిద. సభ ఆయన్ని ఎగాదిగా చూసి, పథకాన్ని ఆమోదించింది.

"మరి కడుపునిండా పెట్టేదెప్పుడు?" అని కాటమ్మ అడిగింది.

"వానలు పడ్డాక."

"వానలు పడ్డాక భూమే పెడుతుంది. మధ్యలో మీరు పెట్టేదేంటి?"

"చదువు లేనివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది," అని గుంటయ్య మొహం తిప్పుకున్నాడు.

దూడకి డొక్కలు ఎండిపోయాయి. పొదుగు కుమ్మి కుమ్మి, ఏమీ రాక, తల్లి కాళ్ళ దగ్గరే కూలబడేది. కాటమ్మ కొమ్ములు ఎత్తింది. ఒక్క కుమ్ము కుమ్మితే గుంటయ్య చెట్టెక్కి కూర్చుంటాడు. కానీ మర్నాడు సింహం వచ్చి తన మీద పడితే దూడకి దిక్కెవరు? అందుకని కొమ్ములు దించుకుని, సింహం రాణి దగ్గరికి వెళ్ళింది. వాగుకి ఇవతలే నిలబడిందనుకోండి, బర్రె జాగ్రత్త బర్రెది.

"రాణీగారూ, పస్తుల పథకం మహత్తరమైనదమ్మా. మాడిన పిల్లలు ఒక్కసారిగా ఎదిగిపోతారట. మా గొడ్లకెందుకమ్మా అంత ఎదుగుదల? ఏలేవాళ్ళకి ఉండాలి గానీ. యువరాజుగారు చూస్తే ఇంకా చిక్కినట్టే ఉన్నారు, పథకంలో ఆయన పేరే లేదట."

రాణికి ఒళ్ళు మండింది. గొడ్లకి దక్కింది తన బిడ్డకి దక్కకపోవడమా? ఆ పూటే సింహం గుంటయ్యని పిలిపించింది.

గుంటయ్య చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, యువరాజువారు సుకుమారులు..."

"దూడలకి పనిచేసే శాస్త్రం మావాడికి పనిచేయదా?"

చేయదంటే ఉద్యోగం పోతుంది. "చేస్తుంది ప్రభూ," అన్నాడు.

"అయితే నువ్వే దగ్గరుండి మాడ్చు. నువ్వే దగ్గరుండి పెట్టు."

యువరాజుని ఒక గుహలో పెట్టి, గుమ్మంలో గుంటయ్యని కూర్చోబెట్టారు. మొదట్లో కుర్ర సింహం గుక్కపెట్టి ఏడ్చింది. తర్వాత ఏడుపు మానేసి గుంటయ్య తొడల వంక చూడటం మొదలుపెట్టింది.

పెట్టే రోజు రానే వచ్చింది. యువరాజు వాటా మాంసం ఏదని గుంటయ్య కబురు పెట్టాడు. ఏముంది అక్కడ! పిల్లాడు ఎలాగూ పస్తే కదా అని మాంసం తినే సభ్యులు ఏ రోజు వాటా ఆ రోజే పంచుకు తినేశారు. ఆ సంగతి నచ్చజెప్పడానికి గుంటయ్య లోపలికి వెళ్ళాడు.

"యువరాజా, సరఫరాలో కాస్త ఆలస్యం..."

అంతవరకే వినబడింది.

కాసేపటికి యువరాజు పొట్ట వేలాడేసుకుని, మూతి నాక్కుంటూ బయటికి వచ్చాడు. రాణి మురిసిపోయింది. "పొద్దున ఎలా ఉన్నాడు, ఇప్పుడెలా ఉన్నాడు! శాస్త్రం అంటే ఇదీ."

గుంటయ్య పథకం కోసమే తనువు చాలించాడని సభ సంతాపం తెలిపింది. సింహం లేచి, పథకం దిగ్విజయమైందని ప్రకటించింది. కాటమ్మ ఎత్తు ఎదురు తిరిగింది. ఇంకా మాడిస్తే దూడ దక్కదు.

"ఈ పథకం సాగాలి," అంది సింహం. "పిల్లలందరినీ మళ్ళీ మాడ్చాలి. యువరాజుతోనే మొదలుపెడదాం. మేత అధికారిగా దగ్గరుండేది ఎవరు?"

యువరాజు సభ్యుల్ని ఒక్కొక్కరినే తీరిగ్గా చూశాడు. అందరూ కాళ్ళు ముడుచుకున్నారు. ఆ చూపు గాడిద దగ్గర ఆగింది.

"ప్రభూ," అన్నాడు గాడిద గబగబా, "పిల్లలకి కడుపునిండా పెట్టడం మన అడవి సంప్రదాయం. శాస్త్రం కోసం సంప్రదాయాన్ని వదులుకుంటామా?" సభ మొత్తం లేచి నిలబడి బలపరిచింది. అంత ఐకమత్యం ఆ సభలో ఎవరూ ఎరగరు. సాయంత్రానికల్లా సభ్యుల పడకల కింది గడ్డి కూడా తల్లుల ముందుకొచ్చింది.

కాటమ్మకి పాలు దిగాయి, దూడ బతికింది. కానీ ఎన్ని వానలు పడినా, ఎంత మేసినా, ఈడు దూడల భుజం దాటి ఎదగలేదు. ఆ లోటు మాత్రం ఏ పథకమూ పూడ్చలేదు.

నీతి: పస్తులు పిల్లల ఎదుగుదలకి ఎంతో మంచివి, కాకపోతే కోరలున్న పిల్లలకి మాత్రం వేళకి పెట్టాలి.