సిగ్గు నిర్మూలన సభ

కొండ ఊళ్ల ఆడవాళ్లు రొమ్ము క్యాన్సర్ పరీక్షకు రాకపోవడానికి ఏకైక కారణం సిగ్గు అని జిల్లా ఆరోగ్య కార్యాలయం తేల్చింది. ఇందుకోసం నియమించిన సంఘం పట్నంలో, ఏసీ గదిలో కూర్చుని చాలా శ్రమపడి ఆలోచించింది. సంఘంలో కొండవాళ్లు ఎవరూ లేరు. పిలిస్తే సిగ్గుపడతారని పిలవలేదు. తుఫానుకు కొట్టుకుపోయిన వంతెన, పట్నం ఆసుపత్రికి సగం రోజు ప్రయాణం, పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చే ఒకే ఒక్క బస్సు కూడా చర్చకు వచ్చాయి గాని, అవి రోడ్ల శాఖవి. సిగ్గు ఒక్కటే ఆరోగ్య శాఖ పరిధిలోనిది.

తైవాన్ దక్షిణపు కొండల్లో, తువాలిప్ అనే పైవాన్ జాతివాళ్ల ఊళ్లో ఉండే సెలెప్‌కు ఈ సంగతి తెలియదు. ఎడమ రొమ్ములో వక్కంత గడ్డ చేతికి తగిలినప్పుడు ఆమె, శాఖవారి అంచనాకు పూర్తిగా విరుద్ధంగా, మామిడితోటలో కాయలకు కాగితం సంచులు తొడుగుతున్న ఆడకూలీలందరికీ చెప్పేసింది. తోడికోడలు జెపుల్ చేత తడిమి చూపించుకుంది కూడా.

"వక్క కాదక్కా, అంతకంటే పెద్దదే," అంది జెపుల్, నోట్లోని వక్కను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు తోస్తూ. "డాక్టరుకి చూపించు."

"చూపించా. మనూళ్లో పరీక్ష చేసే మిషను లేదన్నాడు. ఆ మిషనే బస్సెక్కి మనూరొస్తుందట, అందాకా ఆగమన్నాడు."

"ఆగమనక ఏం చేస్తాడు? గడ్డ వాడికుందా?"

అయినా సెలెప్ ఆగింది. రాత్రిళ్లు పక్కకు తిరిగి పడుకుంటే గడ్డే ముందు నిద్ర లేచేది.

చివరికి బస్సు వచ్చింది. అంటే ఊళ్లోకి కాదు. వంతెన బదులు ఏటిలో వేసిన తాత్కాలిక కంకర దారి అంత బరువు మోయదని డ్రైవరు ఏటి అవతలే ఆపేశాడు. సభ ఎక్కడ జరిగితే అదే తువాలిప్ అని అధికారులు నిర్ణయించి, అక్కడే గులాబీరంగు బ్యానరు కట్టించారు. ఆడవాళ్లు సంప్రదాయ దుస్తుల్లో రావాలని ముందే కబురు పంపారు. అది పరీక్షకు కాదు, ఫోటోలకు. పూసల దండలు, కుట్టుపని రవికలు, ఈకల తలపాగాలు మోసుకుంటూ వాళ్లు ఏటి రాళ్ల మీద నడిచి వచ్చారు. తోటపని మంచి ఊపులో ఉన్న రోజులవి. ఆ రోజు కూలి పోయింది. ప్రజల భాగస్వామ్యం అంటే ఇదే.

ఉప సంచాలకులు చియెన్ గారు మైకు అందుకున్నారు. "సోదరీమణులారా! రొమ్ము దాచుకోవలసింది కాదు!" అని గర్జించారు. దాన్ని పైవాన్ భాషలో చెప్పే బాధ్యత పాస్టరు కులెలెది. ఎదురుగా ఉన్నది తన మేనత్తలు. ఆయన గొంతు సవరించుకుని, "హృదయానికి దగ్గరగా ఉన్నదాన్ని దాచుకోకూడదు," అన్నాడు. ముసలమ్మలు కళ్లు మూసుకుని ఆమెన్ అన్నారు.

ఈలోగా సెలెప్ బస్సెక్కేసింది. జెపుల్ సాయంతో తలపాగా, దండలు, రవిక విప్పి, చల్లటి పలక మీద రొమ్ము ఆనించి నిలబడింది. మిషను దగ్గరి అమ్మాయి మీట నొక్కింది. ఏమీ కాలేదు.

"కరెంటు మైకుకి పోతోంది పెద్దమ్మా. ఉన్నది ఒక్కటే జనరేటరు. సారు ప్రసంగం అవగానే ఇస్తారు."

బయట సారు గొంతు గద్గదమైంది. "ఒక్క సోదరి, ఒక్కరైనా ముందుకు రాలేరా? ఎన్నాళ్లీ సిగ్గు?"

సెలెప్ రవిక అడ్డం పెట్టుకుని కిటికీలోంచి తల బయటపెట్టింది. "వచ్చానయ్యా! బట్టలిప్పుకుని నించున్నా! ముందా మైకు కట్టెయ్!"

ఆమె ఏమంటోందని చియెన్ గారు అడిగారు. ఆ మాటల్ని పదిమందిలో అనువదించలేక పాస్టరు, "తమరికి కృతజ్ఞతలు చెబుతోంది సార్," అన్నాడు. చియెన్ గారు చలించిపోయి ప్రసంగాన్ని పొడిగించారు.

అది ముగిసేసరికి పొగమంచు దిగింది. ఇక ఆగితే ఘాట్ రోడ్డు దిగలేనని డ్రైవరు బస్సు తీశాడు. ఆడవాళ్లకు తలా ఒక గులాబీ విసనకర్ర ఇచ్చారు. విసనకర్ర అందుకున్న ప్రతివారికీ పరీక్ష జరిగినట్టే శాఖ పరిగణించింది.

సెలెప్ ఆ వారమే పట్నం బస్సెక్కింది. ఆసుపత్రిలో ఒక గది నుంచి ఇంకో గదికి, ఒక తారీఖు నుంచి ఇంకో తారీఖుకు తిరిగి, మామిడికోతలు అయిపోయాక ఆపరేషను చేయించుకుంది. రొమ్ము తీసేశారు. కట్టు కట్టిన ఛాతీ వైపు ఆమె చాలాసేపు చూడలేకపోయింది.

"ఇన్నాళ్లు ఎందుకు ఆగారమ్మా? సిగ్గా?" అన్నాడు కుర్ర డాక్టరు, జాలిగా.

"బస్సు కోసం బాబూ," అంది సెలెప్.

మందులకు రాలిపోయిన జుట్టు మళ్లీ మొలవడం మొదలవగానే ఆమె తోట యజమాని మీదికి వెళ్లింది. "మామిడికాయకి మచ్చ పడకూడదని సంచి తొడిగిస్తావే, మాకు ఒక్క పూట నీ లారీ ఇవ్వలేవా?" అతడు తాళంచెవి చేతిలో పెట్టాడు. ఖాళీ పెట్టెల మధ్య ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. జెపుల్‌కు బియ్యపు గింజంత మచ్చ కనిపించింది, అంతమటుకే తీసేశారు.

"నీది వక్కంత, నాది గింజంత. అన్నింటా నువ్వే పెద్దదానివి," అంది జెపుల్. నవ్వుతూనే సెలెప్ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

లారీ నిండా మహిళలు తరలిరావడం సిగ్గు నిర్మూలన సభ ఫలితమేనని శాఖ ప్రకటించింది. చియెన్ గారికి జ్ఞాపిక దక్కింది. పత్రికల మనిషి వచ్చి సెలెప్‌ను, "మీ సిగ్గు ఎలా పోయింది?" అని అడిగాడు.

"ఎప్పుడుంది గనక పోవడానికి? పోయింది వంతెన. అది రాసుకో."

మర్నాటి పత్రికలో, "ఆ ప్రశ్నకు ఆమె సిగ్గుతో తల వంచుకున్నారు," అని అచ్చయింది.

ఆ వార్త చదివి పట్నంలో ఎంతోమంది ఇల్లాళ్ల మనసు కరిగింది. పాపం, కొండవాళ్లకు అవగాహన లేదని నిట్టూర్చారు. ఈ ఇల్లాళ్లకు ఆసుపత్రి వీధి చివరే, పరీక్షా ఉచితమే. ఆ జబ్బు మనకెందుకొస్తుందిలే అనుకుని పేజీ తిప్పారు.