గుర్రపుడెక్కకు జేజేలు

మన దేశంలో నిరుద్యోగాన్ని రూపుమాపగల మొక్క ఒక్కటే. గుర్రపుడెక్క!

నవ్వకండి. ఏ ఎకనామిక్స్ ప్రొఫెసర్‌ని అడిగినా, ప్రభుత్వం ఖర్చు పెడితే పనులు పుడతాయని, పనులు పుడితే పంటా పరిశ్రమా పెరుగుతాయని చెబుతారు. ఆయన ఒక్క పూట ఐనవిల్లి పక్కన మా మురుగు కాలువ గట్టు మీద నిలబడితే మిగతా పాఠం నేను చెబుతాను.

కాలువకి డెక్క అడ్డం పడితే వాననీరు దిగక చేలు మునుగుతాయి. దాన్ని బాగుచేయడానికి అదను వేసవి. పైనుంచి నీళ్ళు కట్టేస్తారు కాబట్టి అడుగు కనిపిస్తుంది. కానీ ఆర్థిక సంవత్సరం మార్చితో అయిపోతుంది కదా! మార్చిలో నిధులుంటాయి, కాలువలో నీళ్ళుంటాయి. ఏప్రిల్లో కాలువ ఎండుతుంది, ఖాతా కూడా ఎండుతుంది. ఫైలు అమలాపురం దాటి పైకెళ్ళి, కిందికొచ్చి, టెండరై, పొక్లెయిన్ మా గట్టెక్కేసరికి శ్రావణ మాసం, జోరు వాన. తీసిన డెక్కంతా గట్టు మీదే పోస్తారు. ఆ వానకే అది మళ్ళీ కాలువలోకి దిగుతుంది. పాపం, పుట్టిల్లు మరి!

దీన్ని దుబారా అంటారా? ఎంత అజ్ఞానం! అదే డెక్క ఏటా ఎంతమందిని పోషిస్తోంది? పొక్లెయిన్ డ్రైవరు, కొలతల ఇంజనీరు, ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ కొట్టేవాడు, మునిగిన చేలను ఫొటో తీసే విలేకరి, పంట నష్టం రాసుకునే బృందం, ఆ బృందానికి పూతరేకులు మోసేవాడు. ఇంతమందికి అన్నం పెట్టే వరిచేను ఎక్కడైనా ఉందా?

నిరుడు మావాళ్ళు ఘోరమైన తప్పు చేశారు. కౌలు రైతు సూరయ్య మాట విని, వేసవిలోనే ఊరంతా కొడవళ్ళతో కాలువలోకి దిగి డెక్క లాగి పారేశారు. ఏమైంది? చేలు మునగలేదు! పరిశీలన లేదు, పరామర్శ లేదు. వడ్లు తప్ప ఊళ్ళో ఏమీ పండలేదు. బాగున్న కాలువకి నిధులెందుకని ఆఫీసులో పద్దు కూడా కొట్టేశారు.

అందుకే ఈ ఏడు మా పెద్దలు, "మనం తీసేస్తే గవర్నమెంటోళ్ళు తియ్యరండీ" అంటూ సూరయ్య చేతిలో కొడవలి లాగేసుకున్నారు. శ్రావణంలో పొక్లెయిన్ ఠంచనుగా వచ్చింది. అప్పటికే నాట్లు ఊడ్చిన చేలు మునిగి కుళ్ళిపోయాయి. మళ్ళీ ఊడ్చడానికి నారు లేక సూరయ్య కౌలు వదిలేశాడు.

ఊడ్పుల కూలీల ముఠాకి పెద్దయిన అమ్మాజీ గట్టు మీద కనిపించింది.

"మిషనాయనకి పనొచ్చిందండీ. మా పని నీళ్ళలో కలిసిపోయిందండీ" అంది.

"కంగారుపడకమ్మా. ప్రభుత్వం పెట్టిన ఖర్చు అంచెలంచెలుగా నీదాకా వస్తుంది" అన్నాను, ప్రొఫెసర్‌ని తలుచుకుని.

"ఆయ్, వచ్చేసిందండీ. రాజోలు ఏజెంటుగారు వీసా తెచ్చేరండీ. కువైట్లో ఎవరింట్లోనో అంట్లు తోమాలంటండీ. పిల్లని మా అక్కగారింటి కాడ దింపేసి ఎల్లిపోతన్నానండీ."

అయినా సూత్రం తప్పని ఎవరనగలరు? మా కాలువ మీద అంత ఖర్చు పెట్టారు, ఉద్యోగం పుట్టనే పుట్టింది. కువైట్లో పుట్టింది.