షవరు గొట్టమున వాయునిగ్రహము

సహస్రకిరణుడు ఎదురింటి డాబా దాటి మింటికెగబ్రాకుచున్న ఆదివారపు ప్రొద్దున, ఒకానొక మేడ చిట్టచివరి అంతస్తున, చేతులు చాచిన గోడలు తగులునట్టి స్నానాల గది యను రణరంగమున, గాలికిని ఒక గుమస్తాకును జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను, చెవియొగ్గుడు!

ఆ గుమస్తా బీమా కచేరిలో ఇరువది యేండ్లుగా పరుల ప్రమాదములను దస్త్రములకెక్కించు ధీరుడు. పానా పట్టి యెరుగడు. అతని తల్లి, నలుబది యేండ్లు కుట్టుమిషను తొక్కి కొడుకును చదివించిన సూచీధనుర్ధర, మెట్టు జారి భుజపుటెముక చిట్లి, ఎడమచేయి మెడకు వ్రేలాడగా, పండ్రెండు దినములుగా కోడలిచేత స్నానము చేయించుకొనుచుండెను.

“నువ్వు బాగానే పోస్తున్నావమ్మాయ్,” అని ఆమె ఆ ఉదయము మెల్లగా అనెను. “కానీ మళ్లీ చంటిపిల్లనైపోయినట్టుంది. ఆ షవరు పనిచేస్తే తలుపేసుకుని నా మానాన నేనే చేసేదాన్ని.”

షవరో, పదునైదు దినముల క్రిందట డాబా మీది ట్యాంకు కడిగించినది మొదలు, గొంతు పట్టిన గాయకునివలె ఖళ్లుఖళ్లున దగ్గి, మూడు చుక్కలు విదిలించి, బుస్సుమని గాలి యూదుచుండెను. ప్లంబరు బుధవారము వరకు దర్శనమీయనని ఫోనున సెలవిచ్చెను.

తల్లి మాట కొడుకు గుండెను కలుక్కుమనిపించెను. అంతట ఆ మాతృభక్తుడు ప్యాంటు మోకాళ్లపైకి మడిచి, కుర్చీ యను గజమునధిరోహించి, పానా నెత్తి గర్జించెను:

“ఓరీ గొట్టమా! నా జనని స్నానమునకడ్డుపడిన నిన్ను మధ్యాహ్నభోజనమునకు ముందే జలప్రవాహినిగావింపనేని, నేను గుమస్తానే కాను!”

“అరుపులు తర్వాతండీ,” అనెను భార్య. “ముందు కుర్చీ కాలి కింద అట్టముక్క పెట్టుకోండి, ఊగుతోంది.”

ప్రథమ సమరమున షవరు శిరస్సు ఖండితమయ్యెను. దాని నలుబది రెండు రంధ్రములను తెల్లని సున్నపుపెళ్లలు దుర్గపాలకులవలె కాచుచుండెను. వెనిగరున నానవైచి, తల్లి కుడిచేత సూది ధరించి ఒక్కొక్క రంధ్రమును ఛేదింపబూనెను. జయధ్వానములతో మరల బిగించి కొళాయి తిప్పిన వీరుని కంటిలోనికి తుప్పునీరు ఒక్క చిమ్ము చిమ్మి, షవరు మునుపటివలెనే బుస్సుమనెను.

వీరుడు కుర్చీపై కూలబడెను. “నావల్ల కాదే,” అని ఉన్నమాట పలికెను.

భార్య గొట్టమునకు చెవియానించెను. “గొట్టంలో గాలి పట్టేసిందండీ! ట్యాంకు ఖాళీ చేసినప్పుడు దూరుంటుంది. వంటింటి కొళాయికి నేరుగా వీధి నీళ్లు, మంచి జోరు. మొక్కల పైపు తగిలించి ఇటునుంచి ఎదురు తోద్దాం!”

ఇట్లు ద్వితీయ సమరమారంభమయ్యెను. పైపు ఒక కొసను ఆమె వంటింట బిగించెను. అతడు షవరు శిరస్సును మరల ఊడదీసి, దాని కొళాయి తెరచియుంచి, రెండవ కొసను శిరోరహితమైన ఆ గొట్టమున దూర్చి, తడిగుడ్డ చుట్టి, ఇరుచేతుల నదిమిపట్టెను.

“వదలనా?”

“వదులు!”

సందుసందునుండి నీరు చిమ్మి మెడ తడిసినను, చంకలు తడిసినను, చేతులు తిమ్మిరెక్కినను, పట్టు సడలింపక, పండ్లు పటపట కొరుకుచు నిలిచిన ఆ మహాబాహుని నెత్తిమీద, డాబాపై ట్యాంకులో, బుడబుడబుడమని ఒక మహారవము పుట్టెను. వాయుశత్రువు పలాయితుడయ్యెను!

పైపు తీసి, కొళాయి కట్టి, శిరస్సు బిగించి మరల తిప్పగా, ఒక దగ్గు, ఒక తుమ్ము, ఆపై ఎడతెగని ధార! కోడలు అత్తగారి కట్టుకు ప్లాస్టిక్ సంచి చుట్టెను. తల్లి లోనికేగి, గడియ తానే వేసికొనెను.

బయట దంపతులు తలుపునకు చెవులప్పగించి నిలిచిరి.

“అమ్మా, బాగా వస్తోందా?”

“వస్తోందిరా. కాసేపు నన్నెవరూ పిలవకండి.”

నలుబది రెండు రంధ్రములలో ముప్పదియారు విముక్తములయ్యెను. ఐదు మూసికొనియే యున్నవి. ఒకటి గోడకే అభిషేకించుచున్నది. దిక్కులారా, ఆలకింపుడు! బీమా గుమస్తా గెలిచినాడు. తువ్వాలు తెచ్చుకొనుటకు పోవుచున్నాడు!