మధ్యలో సందున్న సీటు

ప్రొద్దుటూరులో నారాయణరెడ్డి రెండే రెండు సంగతులు గుట్టుగా దాచుకున్నాడు. ఒకటి, తాను ఏ పార్టీకి ఓటేస్తాడన్నది. రెండోది, ఆరు నెలలుగా కుడి పిర్రలో పుట్టి తొడ వెనకగా పిక్క దాకా పాకుతున్న నొప్పి. ఆయన మాట మీద అరవై ఓట్లు నడుస్తాయి కనుక మొదటిది తెలుసుకోవాలని వార్డంతా ఆరాటపడుతోంది. సైకిల్ తొక్కేవాడు సైకిల్ గుర్తు మనిషే అయివుంటాడని లెక్కేసుకుని సగం మంది ఊరుకున్నారు. రెండోది మాత్రం భార్య నిర్మలమ్మకు తెలిసిందా, సైకిల్ పాతసామాన్ల వాడి పాలవుతుంది. ఆయన ప్రాణమంతా ఆ సైకిల్ మీదే. అది తొక్కే షుగరు దించుకున్నాడు, రిటైరయ్యాక గడపలో కూర్చుని ఈగలు తోలుకునే గతి తప్పించుకున్నాడు.

ఆ ఆదివారం పులివెందులలో బావమరిది ఓబుళరెడ్డి ఇంట్లో భోజనాలు. ఓబుళరెడ్డి ఫ్యాను గుర్తు పార్టీలో చిన్నపాటి నాయకుడు. మున్సిపల్ ఎన్నికలు వస్తున్నాయని ప్రొద్దుటూరులో కొన్ని వార్డులు ఆయనకు అప్పగించారు. కార్యకర్తలకు సంగటి, నాటుకోడి పులుసు పెడుతూ అక్కాబావలనూ పిలిచాడు.

"నేను బస్సుకు పోతాండా. మరి నువ్వు?" అంది నిర్మలమ్మ.

"సైకిల్‌లో వస్తా."

"డెబ్బై కిలోమీటర్లా! మొన్న చెప్పులేసుకుంటా 'అమ్మా' అంటివి."

"అమ్మవారిని తలుచుకుంటి లే."

"సరే. దోవలో నొప్పని యాడన్నా కూలబడినావో, సైకిల్ రేపే పాతసామాన్లోనికి. మాట మీదుండల్ల."

"ఉంటా పో," అన్నాడు నారాయణరెడ్డి పౌరుషంగా.

ఎర్రగుంట్ల దారిలో సిమెంటు లారీలు ఎక్కువని జమ్మలమడుగు మీదుగా బయల్దేరాడు. పౌరుషం జమ్మలమడుగు దాకా వచ్చి ఆగిపోయింది. పిర్రలో సూది దిగినట్టు పోటు మొదలై, కాలు తిమ్మిరెక్కి, పెడల్ మీద పాదం ఉందో లేదో తెలియకుండా పోయింది. ఒక టీ హోటల్ ముందు సైకిల్ ఆపి, కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడి, ప్రొద్దుటూరు సైకిల్ షాపు గౌస్ మొహిద్దీన్‌కు ఫోన్ చేశాడు. గౌస్ కూతురు పర్వీన్ ఫిజియోథెరపీ చదివిన పిల్ల. సంగతి వినగానే నాయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

ఆమె చెప్పింది ఆయన ఒక్కడికే వినబడింది. ఆయన చెప్పింది హోటల్ మొత్తానికి వినబడింది.

"సైకిల్ దిగాల్నా? దిగేస్తామ్మా, ఇంక నావల్ల కాదు... పోటా? వెనక నుంచే పోటు, శానా దినాల్నించి ఓర్చుకుంటాండా... ఆ సీటే గట్టిది. మెత్తంది, మధ్యలో సందుండేది ఇప్పిస్తే చూస్తా... ఫ్యానా? సరే, పోయి ఫ్యాను కిందనే పడుకుంటా. మీ అత్తకు మాత్రం చెప్పొద్దు."

పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న, ఆయన్ను బాగా ఎరిగిన యూనుస్ చేతిలో గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. అతనికి ఏడు వాట్సాప్ గ్రూపులున్నాయి. ఏడింటికీ ఒకే ముక్క పంపాడు: "ప్రొద్దుటూరు నారాయణరెడ్డి సైకిల్ దిగుతున్నాడు. వెన్నుపోటు తట్టుకోలేక ఫ్యాను కిందికి."

గంటన్నర తిరక్కుండానే పులివెందుల నుంచి నాలుగు బండ్లు, ముందొక టాపు లేని జీపు, దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగాయి. ఓబుళరెడ్డి దిగుతూనే బావను గట్టిగా వాటేసుకున్నాడు. నారాయణరెడ్డికి నడుములో మెరుపు మెరిసి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవొద్దు బావా! నిన్ను వెనక పొడిచినోళ్ల సంగతి నేను చూసుకుంటా. ఎక్కు జీపు!"

తాను పార్టీ మారాననుకుంటున్నారని అర్థమై నారాయణరెడ్డి నోరు తెరవబోయి, చటుక్కున మూసుకున్నాడు. జీపెందుకెక్కావని నిర్మల అడిగితే నొప్పి అని చెప్పాలి. రాజకీయం అని చెబితే సైకిల్ మిగులుతుంది. జీవితంలో మొదటిసారి ఆయనకు రాజకీయం పనికొచ్చింది.

"సైకిల్ కూడా ఎక్కించండప్పా, పైలంగా!" అన్నాడు.

కూర్చుంటే ప్రాణం పోతుంది కనుక దోవ పొడుగునా కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. కుదుపు తగిలినప్పుడల్లా చెయ్యి పైకి లేచేది. రోడ్డు పక్కనున్న జనం నమస్కారమనుకుని తిరిగి నమస్కారాలు పెట్టారు.

"ఏ సీటు కావాల బావా?"

"మెత్తంది. మధ్యలో సందుండేది."

"మధ్యలో సందంటే ఊరి నడుమ సందుల్లో ఉండే మీ వార్డే గదా! కానీ అది ఆడోళ్లకు రిజర్వయింది. నిలబెట్టేదానికి మనిషి దొరక్క నేనే తల పట్టుకోనుండా."

పులివెందులలో షామియానా కింద వేదిక మీద కుర్చీ వేశారు. నారాయణరెడ్డి వద్దన్నాడు. మెత్త వేశారు. అయినా వద్దన్నాడు.

"చూడండి! కుర్చీ మీద ఆశ లేని మనిషి!" అని ఓబుళరెడ్డి మైకులో అరిచాడు. చప్పట్లు మోగిపోయాయి.

ఇంట్లోంచి గరిటెతోనే బయటికొచ్చిన నిర్మలమ్మ మొగుణ్ణి కిందనుంచి పైదాకా ఒక్కసారి చూసింది. ఒంటికాలి మీద బరువు, నడుం మీద చెయ్యి, నుదుట చెమట. గబగబా వేదికెక్కి తమ్ముడి చేతిలో మైకు లాక్కుంది.

"మా ఆయప్ప యా పార్టీ మారల్యా. కుర్చీ మీద ఆశ లేక కాదప్పా నిలబడింది, కూచోలేక! పిర్ర కింద నరం పట్టింది. ఆర్నెల్లుగా నాకు తెలుసు. తెలీనట్లుండా. నొప్పని నోరు తెరిచి చెప్తాడు, డాక్టరు కాడికి పిల్చకపోదామని పందెం కూడా కట్టినా. ఈ మొండిమనిషి పార్టీ అన్నా మారతాడు గానీ నొప్పని చెప్పడు!"

 షామియానా నిండా నవ్వులు, ఈలలు, ఇందాకటికి రెట్టింపు చప్పట్లు. ఇంత ఉన్నదున్నట్టు మైకులో చెప్పిన మనిషిని వాళ్లెవరూ ఎరగరు. పరువు ఎలా కాపాడుకోవాలా అని బిత్తరపోయి చూస్తున్న ఓబుళరెడ్డి ముఖం వెలిగిపోయింది.

"అక్కా! ఆ వార్డుకు నువ్వే నిలబడు! ఒకటే మాట, మన క్యాండిడేట్ ఇంట్లో సైకిలేంది? ఈరోజే పాతసామాన్లోనికి ఏసేయ్."

నారాయణరెడ్డి బండిలో ఉన్న సైకిల్ వైపు చూశాడు. పందెం పోయింది, ఇక సైకిలూ పోయినట్టే.

"నేను అమ్ముతానంటే అది మొగుడూ పెండ్లాల మాట. నువ్వెవడ్రా చెప్పేదానికి?" అంది నిర్మలమ్మ. "అది తొక్కే ఆయప్ప షుగరు దించుకున్యాడు. సైకిల్ ఇంట్లోనే ఉంటాది. ఇష్టమైతే సీటియ్యి. లేదంటే సంగటి పెట్టు, తిని పోతాం."

నారాయణరెడ్డికి మళ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈమె దగ్గరా ఆరు నెలలు దాచాను అని సిగ్గేసింది.

"శానా నొప్పిగా ఉంది నిర్మలా," అన్నాడు, మైకు పక్కనే ఉందని మరిచిపోయి.

మూడు వారాలు ఆయన కుడి మడమ ఎడమ మోకాలి మీద వేసుకుని, పర్వీన్ నేర్పిన కసరత్తు చేస్తూ ఫ్యాను కిందే పడుకున్నాడు. గౌస్ మధ్యలో సందున్న మెత్తటి సీటు తెప్పించి, పాతదానికన్నా రెండు వేళ్లు కిందికి బిగించాడు. నొప్పి మెల్లగా దారికొచ్చింది. ప్రచారం మొదలైన రోజు ఫ్యాను గుర్తు అభ్యర్థి నిర్మలమ్మ చేతులు జోడించి నడుస్తుంటే, ముందు ఆమె భర్త గంట కొట్టుకుంటూ సైకిల్ మీద వార్డంతా తిరిగాడు.

ఆరోజు నుంచి ఓబుళరెడ్డి ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.