ఓన్లీ సాఫీ

ఆ శుక్రవారం భీమరాజు మనసులో గీసుకున్న పథకంలో తికమకకు చోటే లేదు. జుమ్మా నమాజు అయ్యాక మేనేజరు అబూ నాసర్ తల్లిని వెంటబెట్టుకుని భోజనానికి వస్తాడు. తింటాడు, మెచ్చుకుంటాడు. చేతులు కడుక్కుని సోఫాలో కూర్చున్నాక తనను ఖోబర్ సైటుకు పంపవద్దని మెల్లగా అడగాలి. తాముంటున్న ఈ దీవి నుంచి సముద్రం మీది వంతెన దాటితే ఖోబరే అయినా, సౌదీ సౌదీయే. అక్కడ క్యాంపులో ఒంటరిగా ఉండాలి. వారమంతా మెస్సు పప్పు తిని, సెలవు రోజున చుట్టంలా ఇంటికి రావాలి. ఆ ఊహకే భీమరాజుకు ఆకలి చచ్చిపోయేది.

ఆయన భార్య శ్రీదుర్గ గురువారం సాయంత్రమే వంజరం పులుసు పెట్టేసింది. భీమవరం వైపు మనిషి. చేపల పులుసు వండిన రోజే తినేవాళ్ళకు నాలుక లేనట్టేనని ఆమె గట్టి నమ్మకం. నయీమ్ పేటలో వాళ్ళుండే పాత భవనం నాలుగో అంతస్తు తెల్లవారేసరికి మెంతుల వాసనతో, చింతపండు వాసనతో నిండిపోయింది.

కాఫీ తాగుతూ భీమరాజు గొంతు సవరించుకున్నాడు. "అన్నట్టు దుర్గా, నిన్న పార్కింగులో మా మేనేజర్ని అడిగాను, మీకు ఏ చేపంటే ఇష్టమని. 'ఓన్లీ సాఫీ' అన్నాడు."

"సాఫీ అంటే?"

"హిందీలో సాఫ్ అంటే శుభ్రంగా అని కదా. ఉప్పూకారాల హడావిడి లేకుండా సాఫీగా ఉండాలని. వేరేదేదీ నోటికి పట్టదని కూడా అన్నాడు."

శ్రీదుర్గ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆ మాట నిన్న చెప్పొద్దటండీ?"

"అప్పటికే నువ్వు పులుసు పెట్టేశావు. చెబితే గరిటె విసురుతావేమోనని..."

"ఇప్పుడు విసరనని ఎవరు చెప్పారు మీకు?"

విసరలేదు. భర్త హిందీ ఎంతమాత్రమో ఆమెకు తెలుసు గానీ, ఖోబర్ ఎంత దూరమో కూడా తెలుసు. భీమరాజు చేపల మార్కెట్టుకు పరుగెత్తి, ముల్లు తీయించిన హమ్మూరు ముక్కలు తెచ్చాడు. తెల్లటి చేప, మెత్తటి చేప. శ్రీదుర్గ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

"పసుపు వెయ్యనా?"

"సాఫీ అన్నాడే!"

"వెల్లుల్లి?"

"వద్దు."

"ఉప్పైనా వెయ్యనిస్తారా, దానికి కూడా ఫోను చేసి అడుగుతారా?"

"కొంచెం వెయ్యి," అన్నాడు భీమరాజు ధైర్యం చేసి.

ముక్కలు ఉడికాయి గానీ ఇంట్లో పులుసు వాసన మాత్రం పోలేదు. కారం పడని మనిషి గుమ్మంలోనే తుమ్ముతాడని భీమరాజుకు భయం పట్టుకుంది. పులుసు గిన్నె గుడ్డలో చుట్టుకుని భార్యాభర్తలిద్దరూ లిఫ్టులో అట్టడుగు అంతస్తుకు దిగారు. అక్కడ నిజామాబాదు వైపు నుంచి వచ్చిన మల్లికార్జున్, అనసూయ ఉంటారు. మల్లికార్జున్ ఒక క్లినిక్కులో ల్యాబ్ టెక్నీషియన్. ఆ వేళకు ఆయన స్నానంలో ఉన్నాడు.

"సాయంత్రం దాకా ఇక్కడ ఉండనివ్వు వదినా," అంది శ్రీదుర్గ.

"గీడ పెట్టుర్రి అక్కా, దానికేముంది? మా ఆయనెట్లాగు ముట్టడు. సముద్రం చాపలు నీసు వాసనంటడు. చెర్ల చాపలైతెనే తింటడు," అంది అనసూయ.

వాళ్ళు పైకి వెళ్ళిన కాసేపటికి లిఫ్టు ఆగిపోయింది. ఆ పాత భవనంలో అది కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

పైన బల్ల సర్ది ఎదురుచూస్తున్న భీమరాజుకు ఫోను వచ్చింది. "రాజూ, లిఫ్టు పనిచేయడం లేదు. అమ్మ ఇన్ని మెట్లు ఎక్కలేదు. కిందింట్లో మంచి మనిషి, మా ఇద్దరినీ లోపల కూర్చోబెట్టాడు," అన్నాడు అబూ నాసర్.

"కింద... కిందింట్లోనా సార్?"

"అవును. భోజనం కూడా ఇక్కడే దాచి ఉంచారటగా! చాలా ముందుచూపు."

జరిగింది ఏమిటంటే, స్నానం చేసి వచ్చిన మల్లికార్జున్ వంటింట్లో రాజుగారి గిన్నెను చూశాడు. గుమ్మంలో రాజుగారి అతిథులను చూశాడు. మెట్లెక్కలేని పెద్దావిడ కోసమే వంట కిందికి చేర్చారనుకున్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తల్లి ప్లేటు వద్దని ఖర్జూరాలు మాత్రం తీసుకుంది. కొడుకైతే పులుసు వాసన చూశాక వద్దనలేదు.

శ్రీదుర్గ హమ్మూరు గిన్నె పట్టుకుని, భీమరాజు ప్లేట్లు పట్టుకుని నాలుగంతస్తులూ దిగివచ్చారు. అప్పటికి అబూ నాసర్ ముందు అన్నం, దాని మీద ఎర్రటి పులుసు ఉన్నాయి. ఆయన ముక్కు కందిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

ఆ కన్నీళ్ళలో భీమరాజుకు ఖోబర్ కనిపించింది. "సార్! క్షమించండి సార్! అది మాది కాదు సార్! వీళ్ళది!"

శ్రీదుర్గ భర్త వైపు తిరిగి చూసింది. ఆ చూపు ముందు పులుసు కారం ఏపాటి! భీమరాజు కళ్ళు దించుకున్నాడు.

మల్లికార్జున్‌కు ఏమీ అర్థం కాలేదు. అనసూయ మాత్రం పైయింటి సంసారం నిలబెట్టాలనుకుని, "అవును, మాదే," అనేసింది. మల్లికార్జున్ అదే మాట హిందీలో చెప్పాడు.

అబూ నాసర్ ముక్కు తుడుచుకుని ఇంకో ముక్క వేసుకున్నాడు. "అయితే నువ్వు మా కంపెనీలో లేకపోవడం మా దురదృష్టం. ఇలాంటి పులుసు కాచే ఇంటివాణ్ణి నేను వంతెన దాటనిస్తానా?" అని మల్లికార్జున్ భుజం తట్టి గట్టిగా నవ్వాడు.

భీమరాజుకు నవ్వు రాలేదు. హమ్మూరు గిన్నె మూత తీశాడు. తలస్నానం చేయించి ఆరబెట్టినట్టు ముక్కలు తెల్లగా మెరుస్తున్నాయి.

అబూ నాసర్ మర్యాదగా తొంగి చూశాడు. "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"మీరే కదా సార్ చెప్పారు, ఓన్లీ సాఫీ అని!"

ఆయన ఒక క్షణం తెల్లబోయి, తర్వాత ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. గోధుమరంగు ఒంటి మీద చిన్న చిన్న చుక్కలున్న చేప. "సాఫీ అంటే ఇది. చేప పేరు! మా ఊళ్ళో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు."

"వారం వారం మార్కెట్లో ఆ కుప్ప పక్కనుంచే వెళతాం," అంది శ్రీదుర్గ పళ్ళ బిగువున.

ఇంతలో ఖర్జూరాలు తింటున్న ముసలావిడ హమ్మూరు గిన్నెను తన ముందుకు లాక్కుంది. ఒక ముక్క తిన్నది. రెండోది తిన్నది. కొడుకుతో అరబ్బీలో ఏదో అడిగింది.

అబూ నాసర్ గొంతు మెత్తబడింది. "డాక్టరు అమ్మకు కారం, నూనె మాన్పించాడు. ఆ సంగతి బయట చెప్పనివ్వదు. ఏ విందుకు వెళ్ళినా పెరుగు తిని వస్తుంది. ఈ ఇంట్లో వాళ్ళకు చెప్పకుండానే ఎలా తెలిసిందని అడుగుతోంది."

ఆ అవకాశం అందుకుందామని భీమరాజు నోరు తెరిచేలోగా శ్రీదుర్గ అందుకుంది. "మాకేం తెలీదండి, పొరపాటున కుదిరింది. ఆ పులుసు కూడా నాదే. నిన్న సాయంత్రమంతా నిలబడి కాచాను. ఈయన భయపడి కాదన్నాడు. అన్నయ్యగారూ, ఒక్క మాట మింగకుండా హిందీలో చెప్పండి."

మల్లికార్జున్ మింగకుండా చెప్పాడు. అబూ నాసర్ కనుబొమలు ముడిపడ్డాయి. "ఒక గిన్నెకు ఇద్దరు యజమానులా?"

విషయం విన్న పెద్దావిడ అనసూయ చేయి పట్టుకుని వాసన చూసింది. సబ్బు. శ్రీదుర్గ చేయి పట్టుకుంది. వెల్లుల్లి, చింతపండు, మెంతులు. ఆ చేతిని ఇక వదల్లేదు. అనసూయ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది.

"రాజూ, ఇంకేమైనా దాచావా?" అన్నాడు అబూ నాసర్.

"లేదు సార్. ఖోబర్ సంగతి అడుగుదామని..."

"పంపాలా వద్దా అమ్మను అడుగుతాను," అని ఆయన తల్లి వైపు తిరిగాడు.

ఆవిడ నోట్లో ముక్క నమిలి, "లా," అంది. అరబ్బీలో 'వద్దు' అన్నమాట. భీమరాజుకు తప్పుగా అర్థం కాని అరబ్బీ మాట అదొక్కటే.

అతిథులను కారెక్కించి, మెట్లన్నీ ఎక్కి ఇద్దరూ ఇల్లు చేరారు. తలుపు తీశాక శ్రీదుర్గ, "మిగిలిన పులుసు అనసూయకి ఇచ్చేశాను," అంది.

"మల్లికార్జున్ సముద్రం చేప తినడుగా?"

"ఇవాళ రెండు ముక్కలు తిన్నాడట. మీరెలాగూ మాది కాదన్నారు కదా, మీకు ఉడకేసిన ముక్కలున్నాయి."

భీమరాజు అవే తిన్నాడు. ఉప్పు కొంచెం తక్కువైందని అనలేదు.

ఆదివారం ఆఫీసులో ఖోబర్ సైటుకు వేరే ఇంజినీరు పేరు వచ్చింది. పాపం, శాకాహారి.