అమ్మవారి అడ్రసు

ఆ సోమవారం ఉదయం నాగార్జున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలి. ఒక కస్టమరు అడ్రసు సవరించాలి. నంద్యాల బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, బజ్జీ తినాలి. మూడింటిలో అతనికి కష్టమనిపించింది మూడోదే. సోమవారం బజ్జీలు తొందరగా అయిపోతాయి మరి.

ఇది 2004 నాటి మాట. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే నందినెట్ అనే చిన్న కంపెనీలో నాగార్జున ఇంజినీరు. యజమాని శాంతయ్య ఒకప్పుడు పత్తి విత్తనాల వ్యాపారి. విత్తనం మొలవకపోతే రైతు నేరుగా కొట్టుకు వచ్చి చొక్కా గల్లా పట్టుకుంటాడని, ఇంటర్నెట్ రాకపోతే ఫోను మాత్రమే చేస్తాడని గ్రహించి ఈ వ్యాపారంలోకి దిగినవాడు.

మనం కంప్యూటర్లో ఒక సైటు పేరు కొడితే, ఆ సైటు ఏ యంత్రంలో ఉందో చెప్పి దారి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఫలానావారి ఇల్లెక్కడో చెప్పే పెద్దమనిషి పనే దానిదీ. నందినెట్‌కు అలాంటి పెద్దమనుషులు ఇద్దరున్నారు. అడ్రసులు మార్చేది నంద్యాల సర్వర్‌లో. ఆళ్లగడ్డ సర్వర్ దాని నుంచి నకలు తెచ్చుకుని, తన దగ్గరికి వచ్చి అడిగినవాళ్లకు చెబుతుంది. ఫైలు పైన ఒక వరస నంబరు ఉంటుంది. మార్పు చేసినప్పుడల్లా ఆ నంబరు పెంచాలి. పెరిగిందంటే ఆళ్లగడ్డ కొత్త నకలు తెచ్చుకుంటుంది. పెరగలేదంటే తన దగ్గరున్న పాతదే నిజమని భీష్మించుకుని కూర్చుంటుంది.

కొత్త వెర్షన్‌లో ఏమేం మార్చారో చెప్పే నోట్సును నాగార్జున వారం రోజులుగా పేపరు చదివినట్టు చదువుతున్నాడు. పాత వెర్షన్‌లో దొంగలు దూరే కంత ఒకటి పూడ్చారు. అన్నిటికన్నా అతనికి నచ్చింది ఇంకొకటి. అడిగేవాడు ఎవడో చూసి, ఒక్కొక్కడికి ఒక్కో జవాబు చెప్పే సదుపాయం. అవసరం లేకపోయినా దాన్ని కూడా ఆన్ చేసి పెట్టాడు.

తీరా స్టార్టు కొట్టబోతుంటే శాంతయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"తొమ్మిది దాటేదాంకా ఏం మొదలుపెట్టొద్దప్పా. రాహుకాలం నడుస్తాంది."

"కంప్యూటరుకు రాహుకాలం యాడిదన్నా?"

"కంప్యూటరుకు లేకపోతే మాన్లే. దుడ్లు పెట్టి కొన్నోనికి ఉంటాది గదా."

"సరేన్నా. అన్నీ రాసి పెట్టినా. పైన ఆ నంబరొకటి పెంచి స్టార్టు కొట్టాల. తినేసి బేగా వస్తా," అని నాగార్జున బజ్జీల కోసం పరుగెత్తాడు.

తొమ్మిది దాటింది. మంచి ఘడియ వచ్చి వాకిట్లో నిలబడింది, నాగార్జున రాలేదు. శాంతయ్య ప్రాణం ఊరుకోలేదు. కుర్చీలో కూర్చుని, ఆ నంబరు చూశాడు. సంవత్సరం, నెల, తేదీ, చివర ఆ రోజుకు అది ఎన్నో మార్పో రెండంకెలు, వరసగా కలిపి రాసిన పది అంకెల నంబరు. అంకెలన్నీ కూడి చూసి ఉలిక్కిపడ్డాడు. ఎనిమిది! శనిదేవుడి నంబరు! ఇన్నాళ్లుగా తన వ్యాపారం ఎందుకు ఎత్తుకోలేదో ఆయనకు ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఆయన అదృష్ట సంఖ్య తొమ్మిది. స్కూటరు నంబరు, ఫోను నంబరు, చివరికి పెళ్లి తేదీ కూడా కూడితే తొమ్మిది వచ్చేవే. పెంచమన్నాడు కదా, పెంచుదాం అనుకున్నాడు. ఉన్న నంబరు చెరిపేసి, తొమ్మిది తొమ్మిదులు వరసగా కొట్టాడు. కండ్లకు అద్దుకుని స్టార్టు నొక్కాడు.

నాగార్జున మూతి తుడుచుకుంటూ వచ్చేసరికి నంద్యాలలో అంతా దివ్యంగా నడుస్తోంది.

"నంబరు పెంచితివాన్నా?"

"పెంచినా. బాగా పెంచినా."

ఆ మాటలో 'బాగా' అన్నది నాగార్జున చెవికి ఎక్కలేదు.

ఇక ఆ సవరించాల్సిన అడ్రసు సంగతి. ఆళ్లగడ్డ శిల్పి సంజీవయ్య సైటును ఆదివారమే కొత్త యంత్రంలోకి మార్చారు. పాత యంత్రంలో ఖాళీ అయిన చోటును ఆళ్లగడ్డలోనే ఉన్న 'ఆదెమ్మ నాటుకోడి హోటల్'కు ఇచ్చారు. అంటే సంజీవయ్య పేరు కొట్టినవాడికి కొత్త అడ్రసు చెబితే విగ్రహాలు కనిపిస్తాయి. పాత అడ్రసు చెబితే కోడి కనిపిస్తుంది. నంద్యాల కొత్త అడ్రసు చెబుతోంది. ఆళ్లగడ్డ పాతదే చెబుతోంది. ఈ సంగతి భూమ్మీద ఎవరికీ తెలియదు.

అదే రోజు పదకొండు గంటలకు ఉయ్యాలవాడలో గుడి కమిటీ కూర్చుంది. గుడికి భ్రమరాంబ విగ్రహం కావాలి. సంజీవయ్య కమిటీ నోటి మాట మీదే నల్లరాయి తెప్పించి ఎనిమిది నెలలుగా చెక్కుతున్నాడు. పెద్ద విగ్రహం అతని చేతికి రావడం ఇదే మొదలు. కమిటీ వద్దంటే ఆ రాయి పని మొత్తం మట్టిపాలు. కమిటీ పెద్ద రామేశ్వరమ్మకు మోకాళ్ల నొప్పులు, ప్రయాణం పడదు. మేనల్లుడు మహేష్ తన ఎస్టీడీ బూతులో కంప్యూటరు ఉందనీ, విగ్రహం ఫొటో సైటులో చూసి తేల్చుకోవచ్చనీ చెప్పాడు. ఆ బూతుకు లైను వచ్చేది ఆళ్లగడ్డ నుంచి.

మహేష్ పేరు కొట్టాడు. కమిటీ మొత్తం చేతులు జోడించింది. పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగింది. ఎర్రటి పులుసులో మునిగిన నాటుకోడి తొడ, పక్కన రాగి సంగటి ముద్ద.

తెర సరిగా కనిపించని వెనకవాళ్ల చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. శ్రీశైలం మల్లన్నకు మొక్కుకుని పన్నెండేళ్ల కిందట మాంసం మానేసిన రామేశ్వరమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెంటనే ఫోను తీసుకుంది.

"ఏందిది సంజీవయ్యా? అమ్మవారిని చూపించప్పా అంటే కోడిని చూపిస్తివే!"

"కోడి యాడిదమ్మా? నా జల్మలో నేను కోడిని చెక్కలే."

"చెక్కినట్ల లేదు, ఉడకబెట్టినట్లుండాది!"

సంజీవయ్య చేతిలో ఉలి జారి కాలి మీద పడింది. ఆ నొప్పి అతనికి తెలియలేదు. వెంటనే నంద్యాలకు ఫోను చేశాడు. శాంతయ్య సైటు తెరిచి చూశాడు. కిరీటం కనిపించింది, అమ్మవారు నిక్షేపంగా ఉందన్నమాట. కడుపులో చల్ల పోసినట్టయి, తనే ఉయ్యాలవాడకు ఫోను కలిపాడు.

"అమ్మా, నా కండ్ల ముందరే ఉండాది తల్లి. దండం గూడా పెట్టుకుంటి. నాకు కనపడ్తాంది, మీకెందుకు కనపడదు?"

ఆ మాట బాంబులా పేలింది. రామేశ్వరమ్మ ఫోను పెట్టేసి మేనల్లుడి వైపు తిరిగింది.

"వానికి అమ్మవారు కనపడ్తాందంట. నాకు కోడి కనపడ్తాంది. అంటే ఏందిరా మహేషూ, నేనంత పాపం చేసినానా?"

వెనుక నిలబడ్డ కమిటీ సభ్యులు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దామె మొక్కు తప్పి ఎప్పుడైనా చాటుగా ఇంత ముక్క నోట్లో వేసుకుందా అన్న అనుమానం ముందు ఒకరి కండ్లలో మెరిసి, తర్వాత అందరి కండ్లలోకీ పాకింది. తీరా ఒక్కొక్కరే ముందుకొచ్చి తెర చూస్తే, వాళ్లకూ కోడే! కోశాధికారి సుబ్బయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"కార్తీక సోమవారం ఒక్కసారి తింటినమ్మా. ఒక్కసారే. బావమరిది బలవంతం చేసె."

అది విని ఇంకొకాయన శివరాత్రి సంగతి ఒప్పుకున్నాడు. బూతు నిండా పశ్చాత్తాపం పరుచుకుంది. ఏ తప్పూ గుర్తుకు రాని రామేశ్వరమ్మ ఒక్కతే అందరికన్నా ఎక్కువ వణికింది.

"జీపు తీయండి. ఆళ్లగడ్డకు పోయి ఆ రాయిని నా కండ్లతో చూస్తా. ఆడ గూడా నాకు కోడే కనపడితే నా గతి ఏందో ఆ తల్లికే ఎరుక. అమ్మవారు కనపడితే మాత్రం, ఈ ఎగతాళి చేసినందుకు సంజీవయ్యకు ఇచ్చిన మాట ఆడనే వెనక్కు తీసుకుంటా!"

ఏ విధంగా చూసినా సంజీవయ్య మునిగాడు.

నంద్యాలలో నాగార్జున తల పట్టుకున్నాడు. అడిగేవాణ్ణి బట్టి ఒక్కో జవాబు! తను ముచ్చటపడి ఆన్ చేసిన సదుపాయమే కొంప ముంచిందని అతనికి నూటికి నూరుపాళ్లు నమ్మకం కుదిరింది. దాన్ని ఆపేశాడు. ఫోనులో మహేష్‌ను అడిగితే, ఉయ్యాలవాడలో కోడి కదలలేదు. కొత్త వెర్షన్ తీసేసి పాతది వేశాడు. కోడి కదలలేదు. మళ్లీ కొత్తది వేశాడు. కోడి అలాగే ఉంది. తనకు వచ్చిన విద్య మొత్తం ఒక కోడి తొడ ముందు చేతులెత్తేసిందని తెలిసి అతనికి ఏడుపొచ్చింది.

"లెయ్యన్నా, ఆళ్లగడ్డ సర్వర్‌ను చూడాల," అన్నాడు. ఇద్దరూ కారెక్కారు.

ఆళ్లగడ్డ సర్వర్ ఉండేది సంజీవయ్య పనిపాకకు ఎదురు మేడ మీదే. వీళ్లు మెట్లెక్కుతుండగా జీపు వచ్చి పాక ముందు ఆగింది. రామేశ్వరమ్మ కండ్లు గట్టిగా మూసుకుని, ఇద్దరి భుజాలు పట్టుకుని లోపలికి నడిచింది. విగ్రహం ముందు నిలబెట్టాక కూడా చాలాసేపు తెరవలేదు. సంజీవయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆమె కండ్లు తెరిచింది.

నల్లటి రాతిలో అమ్మవారు చిన్నగా నవ్వుతోంది. బుగ్గ మీద వెలుతురు నిలిచి, ఇప్పుడే పిలిస్తే పలికేలా ఉంది.

"సుబ్బయ్యా, నీకేం కనపడ్తాంది?" అని రామేశ్వరమ్మ గుసగుసగా అడిగింది.

"అమ్మవారే అమ్మా!"

"నాకూ," అని ఆమె భోరున ఏడ్చింది. సుబ్బయ్యా ఏడ్చాడు. శివరాత్రి ఆయన కూడా ఏడ్చాడు. మాట వెనక్కు తీసుకోవడానికి వచ్చిన మనిషి, ఆ సంగతి పూర్తిగా మరిచిపోయి, ఆకూ వక్కా తెప్పించి సంజీవయ్య చేతుల్లో పెట్టింది. కమిటీ తాంబూలం ఇచ్చిందంటే ఇక ఆ మాటకు తిరుగు లేదు. సంజీవయ్య తాంబూలాన్ని కండ్లకు అద్దుకున్నాడు. ఎనిమిది నెలల బరువు ఒక్కసారిగా దిగింది.

సరిగ్గా అప్పుడు ఎదురు మేడ మీద నాగార్జున కేక పెట్టాడు.

"అన్నా! ఆ నంబరు ఏం చేస్తివి? ఆళ్లగడ్డ నీ నంబరు చిన్నదంటాంది!"

"చిన్నదా? అన్నీ తొమ్మిదులే పెడ్తిని గదప్పా! దానికంటే పెద్ద నంబరు ఇంగేముంటాది?"

"తొమ్మిది తొమ్మిదులన్నా! అంటే తొమ్మిది అంకెలే. పాతదానికి పది!"

జీవితంలో మొదటిసారి తొమ్మిది శాంతయ్యకు అన్యాయం చేసింది. నాగార్జున అక్కడి నుంచే నంద్యాల సర్వర్‌లోకి వెళ్లి ఆ రోజు తేదీతో పది అంకెల నంబరు వేశాడు. ఆళ్లగడ్డ మారుమాట లేకుండా కొత్త నకలు తెచ్చుకుంది. పొద్దుటి నుంచి పడ్డ అవమానమంతా కడిగేసుకోవాలని నాగార్జున పట్టలేని ఆనందంతో కిందికి దిగి, అందరినీ పైకి లాక్కొచ్చాడు.

"రాండమ్మా రాండి! మీ కండ్లతోనే చూడండి. కోడి పోయింది, అమ్మవారు వచ్చింది!"

రామేశ్వరమ్మ మోకాళ్లు నొస్తున్నా మెట్లెక్కి కండ్లజోడు సవరించుకుంది. సైటులో ఫొటో ఎలా వచ్చిందో సంజీవయ్య కూడా ఎప్పుడూ చూడలేదు. స్టూడియో అబ్బాయి పని జరుగుతున్న రోజున వచ్చి తీసుకుపోయాడు, అంతే. రాతిపని చేసేవాళ్లకు ప్రతిష్ఠ అయ్యేదాకా అది రాయే. దానికేం తగిలించినా తప్పనుకోరు.

పేజీ పైనుంచి కిందికి దిగింది. ముందు కిరీటం. తర్వాత చిరునవ్వు. తర్వాత ఎత్తిన కుడి చెయ్యి, దాని మీద ఆరేసిన సంజీవయ్య కంతల బనియను. భుజం మీద తువ్వాలు. వరమిచ్చే ఎడమ చేతికి వేలాడుతూ మూడు గిన్నెల టిఫిను క్యారియరు.

సంజీవయ్య తాంబూలాన్ని గుండెకు హత్తుకున్నాడు. నాగార్జున మెల్లగా శాంతయ్య వైపు తిరిగాడు.

"పొద్దన్నుంచి చూస్తాండావు గదన్నా, నీకు కనపడలేదా?"

"నేను కండ్లు మూసుకోని దండం పెట్టుకుంటి," అన్నాడు శాంతయ్య.

రామేశ్వరమ్మ తెర వంక చూసింది. సంజీవయ్య చేతిలోని తాంబూలం వంక చూసింది. ఇచ్చింది తనే. తన వెంట తెచ్చుకున్న కమిటీ ముందే ఇచ్చింది. నాగార్జునను దగ్గరికి పిలిచింది.

"దీన్ని బాగు చేసింది నువ్వేనా నాయనా?"

"ఔనమ్మా," అన్నాడు అతను.

"మళ్లా చెడగొట్టు. రేపు ఊరంతా అమ్మవారిని ఇట్లనే చూస్తాది. ఇంగో పొటో తీసేదాంకా ఆ కోడినే పెట్టు."

కస్టమరు కోరిన మార్పును నందినెట్ అంత తొందరగా చేసిపెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.