అందనివారి కమిటీకి టీ

హార్ల్‌థోర్ప్ పురపాలక సంఘం సమగ్రమైన అధ్యయనం జరిపించి, కాలువగట్టు పేటలో ఉండే ఆడవాళ్ళు 'అందనివారు' అని తేల్చింది. రొమ్ము క్యాన్సర్ పరీక్షకు ఎంత పిలిచినా వాళ్ళు రావడం లేదు. పరీక్ష జరిగే ఆసుపత్రి ఊరవతల కొండమీద ఉంది, అక్కడికి బస్సు లేదు, బహుశా అందుకేనేమో అని ఎవరో అన్నారట. అంత తేలికైన కారణానికి అధ్యయనం దేనికని ఆ మాటను పక్కన పెట్టేశారు.

అందనివారిని అందుకోవడానికి ఒక కమిటీ వేశారు. ఉత్తర ఇంగ్లండులో కమిటీ అంటే టీ ఉండి తీరాలి. పురపాలక భవనంలో టీ అంటే గ్లెనిస్ హార్‌గ్రీవ్. ఏళ్ళ తరబడి అక్కడ టీ పెట్టేది ఆవిడే. ఆవిడ కాపురం కాలువగట్టు పేటలోనే. కనుక ప్రతి నెలా సభ్యులు గ్లెనిస్ ఇచ్చిన టీలో గ్లెనిస్ ఇచ్చిన బిస్కెట్లు ముంచుకు తింటూ, గ్లెనిస్ లాంటివాళ్ళను ఎలా అందుకోవాలా అని తలలు పట్టుకునేవారు. పిల్లను చంకన పెట్టుకుని ఊరంతా వెతకడాన్ని మనవాళ్ళు సామెతతో సరిపెడతారు. అక్కడ దానికి నిధులు మంజూరు చేస్తారు.

"ఆ ఆడవాళ్ళ మనసులో ఏముందో మనలో ఒక్కరికీ తెలీదు. అసలు విషాదం అదే," అనేవారు అధ్యక్షులు రూపర్ట్ ఫెన్‌విక్, కప్పు ముందుకు జరుపుతూ. "ఇంకాస్త పాలు పొయ్యండి గ్లెనిస్. చాలు, చాలు."

ఆవిడ మనసులో ఉన్నది భయం. ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ ఉంది. వసంతకాలంలో ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. వాళ్ళమ్మ అలాంటి గడ్డతోనే పోయింది. డాక్టరు దర్శనం కావాలంటే పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ చెయ్యాలి. కాస్త ఆలస్యమైతే ఆ రోజు ఖాళీలన్నీ అయిపోతాయి. ఎనిమిదింటికి గ్లెనిస్ రెండు చేతులూ టీ బాయిలర్ మీద ఉంటాయి.

కమిటీకే చెప్పొచ్చు కదా అని మీరు అడగవచ్చు. మీరు ఆ దేశం మనుషులు కారు. అక్కడ గోల చెయ్యడం కన్నా మహాపాతకం లేదు. ఇల్లు తగలబడుతున్నా, ముందు క్షమాపణ చెప్పుకుని గానీ ఫైరింజన్‌ను పిలవరు. సమావేశం మధ్యలో నోరు విప్పకూడదు. చివర్లో 'ఇతర విషయాలు' అనే అంశం ఉంటుంది, అప్పుడు ఎవరైనా మాట్లాడవచ్చు. గ్లెనిస్ ప్రతి నెలా ట్రే పట్టుకుని తలుపు దగ్గర ఆ అంశం కోసం నిలబడేది. కార్యక్రమం చిహ్నంలోని గులాబీ రంగు ఎంత గులాబీగా ఉండాలన్న చర్చ తెగకపోవడం వల్ల ఇతర విషయాలు వచ్చే నెలకు వాయిదా పడుతూ ఉండేవి.

చివరికి కమిటీ శ్రమ ఫలించింది. తగినంత గులాబీ రంగు వేసిన సంచార పరీక్షా వాహనం ఒకటి పురపాలక భవనం ఆవరణలో వెలిసింది. మెడలో బంగారు గొలుసుతో మేయరు వచ్చారు, ఫొటోగ్రాఫరు వచ్చాడు. అందనివారిని మాత్రం పిలవలేదు. వాళ్ళెలాగూ అందరు కదా!

ఫెన్‌విక్ గారి ఉపన్యాసం సాగుతుండగా గ్లెనిస్ బండిలో ఖాళీగా కూర్చున్న నర్సుకు ఒక కప్పు టీ పట్టుకెళ్ళింది. నర్సు పేరు ఓర్లా, ఐర్లండు పిల్ల.

"బంగారం లాంటి టీ అక్కా! అవునూ, నువ్వెప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నావా?" అంది ఓర్లా.

ఆ ప్రశ్న గ్లెనిస్‌ను అంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఆవిడ ట్రే కింద పెట్టి ఏడ్చేసింది.

"నీకు శ్రమ ఇవ్వడం నాకిష్టం లేదమ్మాయ్. ఇక్కడేదో చిన్న గడ్డ..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వసంతం నుంచి."

"నీ మర్యాద మండిపోనూ! గడ్డ తగిలితే బండి వచ్చేదాకా ఆగుతారా ఎవరైనా? ముందా తలుపు మూసెయ్!"

ఓర్లా ఎక్స్‌రే ఫొటోలు తీసింది. ఆసుపత్రికి తనే ఫోన్ చేసి, ఆ వారంలోనే చూడాలని పోట్లాడింది.

బయట టీ ఆగిపోయింది. దాంతో ఉపన్యాసం కూడా ఆగిపోయింది. కాలువగట్టు ఆడదాన్ని అందుకోలేక ఏళ్ళూపూళ్ళూ తలలు పట్టుకున్న కమిటీ, టీ ఇచ్చే మనిషిని మాత్రం చిటికెలో పట్టేసింది.

"గ్లెనిస్, లోపలున్నారా?" అని ఫెన్‌విక్ సుతారంగా తలుపు తట్టారు. "మేయరు గారి గొంతు ఆరిపోతోంది."

"లోపల మనిషి ఉంది. వరసలో నిలబడండి!" అని కేకేసింది ఓర్లా.

వరస అన్న మాట చెవిన పడ్డాక ఇంగ్లీషువాడు ఎదురు చెప్పలేడు. ఫెన్‌విక్ నిలబడ్డారు. టీ ఇచ్చేది అక్కడే కాబోలనుకుని ఆయన వెనక మేయరు, మేయరు వెనక కమిటీ, కమిటీ వెనక అతిథులు గేటుదాకా బారు తీరారు. ఫొటోగ్రాఫరు వెనక నుంచి ఫొటో తీశాడు. మర్నాడు అది 'పరీక్షకు పోటెత్తిన అందనివారు' అని పత్రికలో పడింది. ఆ ఫొటోకు కమిటీ ఉత్తమ సేవా పురస్కారం కూడా అందుకుంది.

గ్లెనిస్ గడ్డ క్యాన్సరే. ఇంకా పాకలేదు. ఈ చలికాలం కూడా ఊరుకుని ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఆపరేషనయి, కోలుకుని, ఆవిడ మళ్ళీ పనిలోకి వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఏమైపోయారండీ?" అన్నారు ఫెన్‌విక్ కప్పు అందుకుంటూ. "ఆ మిషను టీ తాగలేక చచ్చామనుకోండి!"

"క్యాన్సర్ ఆపరేషనయిందండీ."

సభ్యులు తలలు దించుకున్నారు. ఫెన్‌విక్ మంచి మనిషి, నిజంగానే నొచ్చుకున్నారు.

"అయ్యయ్యో! ముందే ఒక్క మాట చెప్పకూడదా గ్లెనిస్? టీకి ఇంకెవర్నయినా చూసుకునేవాళ్ళం కదా!"